అయిదో గేటు దగ్గర రాయి

సుమయ్యాకు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం పుట్టుకతోనే లేదు. చిన్నప్పుడు బళ్లో కూర్చున్నంతసేపూ కాళ్లు ఆడిస్తూనే ఉండేదని, ఆ ఊపుకు బెంచీ కదిలి పక్కపిల్ల రాత వంకర పోయేదని వాళ్లమ్మ దిల్షాద్‌బీ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకు చెబుతుంది. ఇడుపులపాయ క్యాంపస్‌లో ఉండి ఇంజినీరింగు చదువుకుని వచ్చినా ఆ కాళ్లకు మాత్రం చదువు అబ్బలేదు. అలాంటి పిల్లను తెచ్చి ఒక మొండి కంపైలర్ ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? ఆ ఏప్రిల్‌లో ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని ఒక మేడగదిలో ఏమయిందో అదే అవుతుంది. రాస్తుంది, మీట నొక్కుతుంది, తెర మీద ఎర్రగీత పడుతుంది. లేచి కిటికీ దాకా పోయి, కింద అడ్డంగా నిలిపిన ఆటోలను ఊరికే తిట్టుకుని, తిరిగొచ్చి కూర్చుంటుంది. మళ్లీ రాస్తుంది. మళ్లీ ఎర్రగీత.

ఆ మేడగది శరత్ చంద్రది. వాళ్ల నాన్నకు ఊళ్లో పేరున్న బట్టల కొట్టు ఉంది. కొడుకు బట్టలు వదిలిపెట్టి పెట్టెలు పట్టుకున్నాడు. చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, బోరు పక్కన కొట్టంలో, స్టార్టరు సరసన గోడకు తగిలించే పెట్టెలు అవి. డ్రిప్పు పైపుల మీద ఉండే గేట్లను ఒకదాని తర్వాత ఒకటి తెరిచి మూయడం వాటి పని. మొదటి గేటు తెరువు, ఇంతసేపు ఆగు, మూయి. రెండోది తెరువు, ఇంతసేపు ఆగు, మూయి. రైతు ఇంట్లో మంచం మీద కాళ్లు చాపుకుని పడుకున్నా తోట తడుస్తుంది. పెట్టెల లోపలికి పోయే ప్రోగ్రాములు చూసుకోవడం సుమయ్యా ఉద్యోగం.

పెట్టెలోని చిప్పుకు మన మాట నేరుగా తెలియదు. మనం రాసిన దాన్ని కంపైలర్ ఒక నడిమి భాషలోకి మారుస్తుంది, ఆ నడిమి భాషను పెట్టె చదువుకుంటుంది. శరత్ చంద్ర దగ్గర మొదట్లో పనిచేసిన ఒకాయన ఆ కంపైలర్‌ను రాసిచ్చి బెంగళూరు పోయాడు. పోతూ పోతూ దాని మూలం కూడా పట్టుకుపోయాడో, ఎక్కడైనా పారేసుకున్నాడో ఆయనకే తెలియాలి, ఫోనైతే ఎత్తడు. కాబట్టి కంపైలర్ ఉంది గానీ దాన్ని మార్చే దారి లేదు. పైగా ఆయన నిష్ఠ అంతా ఇంతా కాదు. ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా మూటగట్టి పేరు పెడితే దాన్ని సబ్‌రొటీన్ అంటారు. ప్రతి సబ్‌రొటీన్‌కూ ఒకటే వాకిలి, ఒకటే దొడ్డివాకిలి ఉండాలని ఆయన శాసనం. లోపలికి వచ్చేవాళ్లు వాకిట్లో నుంచే రావాలి, చివరిదాకా నడిచి దొడ్డివాకిట్లో నుంచే పోవాలి. గోడ దూకి నడిమింట్లో దిగుతానంటే కంపైలర్ ఒప్పుకోదు. సబ్‌రొటీన్ కట్టుబాటు తప్పింది అని ఇంగ్లీషులో ఒక ఎర్రగీత వేసి కూర్చుంటుంది.

సుమయ్యాకు కావలసింది సరిగ్గా ఆ గోడ దూకడమే. సరదాకు కాదు, పెంచలమ్మ చెట్ల కోసం.

అంతకు పది పన్నెండు రోజుల ముందు పులివెందుల నుంచి వేంపల్లె పోయే దారిలో సుబ్బరాయుడి తోటలో పెట్టె ఫ్యూజు పోయిందంటే బాగుచేయడానికి వెళ్లింది. సుబ్బరాయుడు యాభై దాటిన మనిషి. నోరు తెరిస్తే నవ్వు, ఇంటికి పోతే కాఫీ. శరత్ చంద్ర పెట్టెల గురించి చుట్టుపక్కల రైతులందరికీ చెప్పి కొనిపించిన పుణ్యాత్ముడు. ఫ్యూజు వేసి చేతులు కడుక్కుంటూ ఉంటే ఆయన తమ్ముడి భార్య పెంచలమ్మ వచ్చి, సుమయ్యా చెయ్యి పట్టుకుని తోట చివరికి నడిపించుకుపోయింది. పెంచలమ్మ మొగుడు కువైట్‌లో డ్రైవరు. ఇక్కడి సేద్యమంతా ఆమెదే. అన్నదమ్ములకు బోరు ఒకటే, పైపు ఒకటే. ఎనిమిది గేట్లలో మొదటి నాలుగూ సుబ్బరాయుడి చెట్లకు, చివరి నాలుగూ పెంచలమ్మ చెట్లకు.

నాలుగో గేటు దాటేసరికి సుమయ్యాకు వేరే ఊరికి వచ్చినట్టు అనిపించింది. అటు ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. ఇటు ఆకులు ముడుచుకుపోయి, నిమ్మకాయంత కూడా కాని కాయలు చెట్టు కింద రాలి ఎండిపోయి ఉన్నాయి. అడుగు వేస్తే కాలి కింద పటుక్కుమంటున్నాయి.

“మీ పెట్టెకు నా మింద ఏం పగ పాపా?” అంది పెంచలమ్మ. “మా మామ బతికుండంగా చేత్తోనే గేట్లు తిప్పుతాండె. నీళ్లు పారేటప్పుడు కరెంటు పోతే ఆ గేటు కాడ ఒక రాయి పెట్టి ఇంటికి పోతాండె. మళ్లా కరెంటు వస్తే ఆ రాయి కాడ్నుంచే మొదులు. ఎవురి వంతు వాళ్లకు అందుతాండె. మీ పెట్టెకు రాయి పెట్టేది తెలీదా?”

సుమయ్యాకు విషయం అక్కడికక్కడే అర్థమైంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పెట్టె కొత్తగా నిద్రలేచి, పాపం, మొదటి గేటు దగ్గరినుంచే పని మొదలుపెడుతోంది. అది నాలుగో గేటు దాటేలోపు మళ్లీ కరెంటు పోతోంది. తప్పు మా పెట్టెదే అక్కా, నేను సరిచేస్తాను అని మాట ఇచ్చేసింది. ఇచ్చాక తెలిసింది అసలు సంగతి. చెట్లు ఇక దక్కవనుకుని తీసేయించమని మొగుడు ఫోన్లో చెప్పాడట. జేసీబీ వాడితో మాట్లాడి పెట్టింది కూడా బావ సుబ్బరాయుడే, ఆడమనిషి ఎక్కడ తిరుగుతుందిలే అని. ఈ నెల మూడో గురువారం జేసీబీ వస్తుంది. ఏడేళ్లు పెంచిన చెట్లు. ఆ మాట చెబుతున్నప్పుడు పెంచలమ్మ ఏడవలేదు, రాలిన కాయ ఒకటి తీసి గోటితో గిల్లుతూ నిలబడింది. ఏడ్చినా బాగుండేదని సుమయ్యాకు తిరుగుబస్సులో చాలాసార్లు అనిపించింది.

అప్పటినుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. రాయి పెట్టడం పెద్ద పనేమీ కాదు, కరెంటు పోయినా చెరగని జాగా చిప్పులో కొంచెం ఉంది. ఎన్నో గేటు, ఎంతసేపు పారింది అని అందులో రాసుకోవచ్చు. కానీ కరెంటు వచ్చాక నేరుగా ఆ రాయి దగ్గరికి పోనివ్వాలి కదా! తోట మొత్తం ఒకే సబ్‌రొటీన్. వాకిట్లో నుంచే రా, మొదటి గేటు నుంచే నడువు అంటుంది కంపైలర్. నడుమ ఒక గుర్తు పెట్టి అక్కడికి దూకమని రాసింది. ఎర్రగీత. కంపైలర్ కళ్లు కప్పి, అది తయారుచేసిన నడిమి భాషలోనే చేత్తో వేలుపెట్టి మార్చింది. ఈసారి కంపైలర్ ఏమీ అనలేదు గానీ పెట్టె అనింది. ఆ బెంగళూరు మహానుభావుడు పెట్టెలో కూడా ఒక కాపలా పెట్టి పోయాడు. కట్టుబాటు తప్పిన ప్రోగ్రామును అది లోపలికే రానివ్వక కీచుమని అరిచింది. బల్ల మీది పరీక్షపెట్టె అరుపుకు కింది అంతస్తులోని కళ్లద్దాల షాపు వాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగిపోయారు.

శరత్ చంద్ర ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు. గొంతు పెంచడు, జీతం ఆపడు. కానీ కొట్టులో పెరిగిన మనిషి, గల్లాకు అవతల నిలబడి బిల్లు కట్టినవాళ్లే ఆయనకు మనుషుల్లా కనబడతారు. శుక్రవారం సాయంత్రం కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ఆ పెట్టె ఎవరి పేరున ఉందని మెత్తగా అడిగాడు. సుబ్బరాయుడి పేరున అని చెప్పింది.

“ఆయప్ప ఏమన్నా ఫిర్యాదు చేసినాడా? చేయల్యా. మరి ఆమె మన కస్టమరు కాదు గదమ్మా.”

చెట్లు చచ్చిపోతున్నాయి సార్ అంది సుమయ్యా. అది వాళ్లింటి సంగతి, అన్నదమ్ములు చూసుకుంటారు అన్నాడాయన. ఉన్న కంపైలర్ జోలికి పోయి నడుస్తున్న పెట్టెలను పాడుచేయవద్దని కూడా అన్నాడు. ఎవరి మాట ఎక్కడినుంచి రావాలో, ఎక్కడినుంచి పోవాలో ఈయన దగ్గరా ఒక కట్టుబాటే కాబోలు అనుకుంటూ సుమయ్యా సంచి తగిలించుకుని, జమ్మలమడుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడే ఇంటికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం దిల్షాద్‌బీ కూతురి చేతిలోనుంచి ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టింది. వెనకవీధిలో చనిపోయిన ముసలామెకు ఆ రోజు నలభయ్యవ దినం, ఆ ఇంట్లో ఖురాన్ చదువుతారు, రాకపోతే నలుగురూ ఏమనుకుంటారని పట్టుబట్టింది. సుమయ్యా ముఖం మాడ్చుకునే వుజూకు కాళ్లూ చేతులూ కడుక్కుని, దుపట్టా తల మీదికి లాక్కుని వెళ్లింది.

పెద్ద హాల్లో తెల్లదుప్పటి పరిచారు. ఖురాన్‌ను ముప్పై సిపారాలుగా, ముప్పై చిన్న చిన్న పుస్తకాలుగా విడగొట్టి నడుమ పెట్టారు. వచ్చినవాళ్లు ఒక్కో సిపారా తీసుకుని, గోడవారగా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివి, ముద్దుపెట్టుకుని అవతలి దొంతరలో పెడుతున్నారు. తెరిచిన సిపారా ముగించకుండా లేవకూడదని దిల్షాద్‌బీ ఇంటి దగ్గరే చెప్పి తెచ్చింది, కూతురి కాళ్ల సంగతి తెలుసు కనక. సుమయ్యా చదవడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చున్న పక్కింటి సమీరా తనది ముగించి, లోపల ఏడుస్తున్న బిడ్డ కోసం లేచిపోయింది. ఆమె జాగాలో ఇంకొకామె వచ్చి కూర్చుని, ఎక్కడిదాకా అయిందని ఎవరినీ అడగకుండా ఇంకా చదవని ఇవతలి దొంతరలో పైనున్న సిపారా తీసుకుని మొదటి పేజీ తెరిచింది.

సుమయ్యా చూపు పేజీ మీదినుంచి ఆ దొంతరల మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

ఎవరూ నడుమ నుంచి మొదలుపెట్టడం లేదు. ఎవరూ నడుమ లేవడం లేదు. ప్రతివాళ్లూ తమ సిపారాకు మొదట్లో నుంచే వస్తున్నారు, చివరి నుంచే పోతున్నారు. అయినా గ్రంథం ముందుకు పోతూనే ఉంది. ఇప్పుడు అందరూ లేచిపోయి రేపు వచ్చినా ఫరవాలేదు, ఏ దొంతరలో ఎన్ని ఉన్నాయో చూస్తే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ తాను గోడ దూకడం గురించే ఆలోచించింది. ఇల్లే చిన్నదిగా కట్టుకుంటే దూకాల్సిన పనే లేదని తోచలేదు. తోటంతటినీ ఒకే సబ్‌రొటీన్‌గా మూటగట్టడం దేనికి? ఒక గేటు, ఒక నిమిషం. అంతే ఒక సబ్‌రొటీన్. వాకిట్లో నుంచి రావాలి, నిమిషం నీళ్లు పారనివ్వాలి, చెరగని జాగాలో లెక్క ఒకటి పెంచాలి, దొడ్డివాకిట్లో నుంచి పోవాలి. కరెంటు పోయి వస్తే లెక్క చూసుకుని తర్వాతి నిమిషం వాకిలి తట్టాలి. కంపైలర్ మాట ఎక్కడా జవదాటినట్టు కాదు.

మోకాళ్లు రెండూ ఆడడం మొదలయ్యాయి. ఇంటికి పరుగెత్తి రాసేయాలి. కానీ చేతిలో సిపారా సగంలో ఉంది. దిల్షాద్‌బీ పక్కనుంచి కూతురి మోకాలి మీద అరచెయ్యి వేసి గట్టిగా అదిమింది. మిగతా సగం సుమయ్యా ఎలా చదివిందో అల్లాకే తెలుసు, మనసు ఇటూ అటూ పోయినందుకు మనసులోనే క్షమాపణ కూడా చెప్పుకుంది. ముగించి దొంతరలో పెట్టి, పెట్టిన షర్బత్ కూడా తాగకుండా చెప్పులు వెతుక్కుంది.

సోమవారం పొద్దున మేడగదిలో మీట నొక్కింది. ఎర్రగీత పడలేదు. ఒక్కసారి కాదు, నమ్మకం లేక మళ్లీ మళ్లీ నొక్కింది. బల్ల మీది పెట్టెకు ఎక్కించి, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టింది. మూడో గేటు దీపం దగ్గర ఆపితే మూడో గేటు దీపమే వెలిగింది. ఆ కీచుపెట్టె కిక్కురుమనలేదు. సంతోషం పట్టలేక కిందికి దిగి, బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తిని నోరు కాల్చుకుంది. శరత్ చంద్ర పెట్టెను తిప్పి తిప్పి చూసి, బాగుందన్నాడు. సుబ్బరాయుడు ఒప్పుకుంటేనే పెట్టమన్నాడు. ఆయన ఒప్పుకోకపోవడం ఏమిటి, ఇంటి చెట్లే కదా అనుకుంది సుమయ్యా. అక్కడే ఆ పిల్ల పొరబడింది.

మంగళవారం ముద్దనూరు మీదుగా పోయే బస్సులో పులివెందుల చేరి, వేంపల్లె వైపు పోయే షేర్ ఆటో ఎక్కి, ఎండ ముదిరేలోపే తోటలో దిగింది. సుబ్బరాయుడు ఎప్పటిలాగే నవ్వుతూ ఎదురొచ్చాడు. కరెంటు పోయి వచ్చినా ఇకమీదట ఆగిన చోటినుంచే నీళ్లు పారతాయని ఆమె వివరంగా చెప్పింది. ఆ మాటకు ఆయన నవ్వు కొంచెం ఆగి, మళ్లీ వచ్చింది. మంచిదే కదా పాపా, పెట్టు అన్నాడు. మంచిదాన్ని ముఖం మీద వద్దని ఎవరంటారు! అప్పటికి మోటరు నడుస్తూ నాలుగో గేటు పారుతోంది. కొత్త ప్రోగ్రాముకు అదే గుర్తు ఇచ్చి, పెట్టె మూత బిగించి, సుమయ్యా తోట చివరికి పోయింది.

పెంచలమ్మ అయిదో గేటు దగ్గర గట్టు మీద టవలు పరుచుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఎదురుచూశారు. లోపల టక్కుమని శబ్దమై గేటు తెరుచుకుంది. పైపు బుసలు కొట్టింది, ముందు గాలి, తర్వాత ఎర్రటి మురుగు, ఆ తర్వాత చెట్ల మొదళ్లలో చుక్క చుక్కగా నీళ్లు. పెంచలమ్మ మొదటి చెట్టు దగ్గర కూర్చుని, మట్టి పట్టిన డ్రిప్పరును గోటితో శుభ్రం చేస్తూ, తడిసిన మట్టిని పిడికిట్లోకి తీసుకుని ఊరికే పట్టుకుంది.

కాసేపటికి చుక్కలు ఆగిపోయాయి.

ప్రోగ్రాము తప్పింది అనుకుంది సుమయ్యా మొదట. లేదా కరెంటు పోయిందేమో అని పక్క తోట వైపు చూసింది. అక్కడ బోరు పైపు నుంచి తొట్టిలోకి నీళ్లు దూకుతూనే ఉన్నాయి. కరెంటు ఉంది. అంతలోనే డ్రిప్పర్లలో మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. మళ్లీ ఆగాయి. ఇక అక్కడ నిలబడలేక కొట్టం వైపు పరుగెత్తింది, దారిలో ప్రోగ్రామును గీత గీతగా మనసులో తిరగేస్తూ, తప్పు ఎక్కడ చేశానా అని తనను తాను తిట్టుకుంటూ.

కొట్టం తలుపు తీసే ఉంది. సుబ్బరాయుడు ఆమెకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. స్టార్టరు ఎర్రమీట నొక్కాడు, మోటరు ఆగింది. ఆ స్టార్టరు నుంచే కరెంటు అందే పెట్టె దీపాలు కూడా ఆరిపోయాయి. ఒకటి రెండు ఊపిర్లు ఆగి పచ్చమీట నొక్కాడు. మోటరు మూలిగింది, పెట్టె నిద్రలేచింది, అయిదో దీపం వెలిగింది. ఆయన దాన్ని చూసి మళ్లీ ఆపాడు, మళ్లీ వేశాడు. మళ్లీ అయిదోదే. అరచేత్తో పెట్టెను ఒక్కటి చరిచాడు.

సుమయ్యాకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలూ నీళ్లు ఆపింది కరెంటు కాదు. కరెంటు కొన్నిసార్లు, ఈ చెయ్యి చాలాసార్లు. తప్పు మా పెట్టెదని తానే ఆ చేతికి సాక్ష్యం చెప్పి పోయింది. ఏదైనా విసరాలనిపించింది.

ఆమెను చూసి సుబ్బరాయుడు ఉలిక్కిపడలేదు. కరెంటు దొంగాట ఆడుతోందన్నాడు. కరెంటు పోలేదు మామా అంది సుమయ్యా. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“నేను ఎవురి నీళ్లూ కట్టేయలేదు పాపా. బోరు సగమైపాయె. నా నాలుగు గేట్లకే చాలీచాలక పారతాండాయి. మోటరు ఆపి వేస్తే పెట్టె మొదుటికి పోతాండె. పెట్టె పోయింది గానీ నేను పంపించిన్యానా?”

అలా అంటున్నప్పుడు ఆయన ముఖంలో కపటం ఏమీ లేదు, అదే సుమయ్యాకు మరీ భరించరానిదిగా అనిపించింది. ఆ మాటను ఆయన తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుని ఉంటాడు. పాత ప్రోగ్రామే పెట్టి పొమ్మన్నాడు. ఆమె పెట్టె మీద చెయ్యి వేయకపోయేసరికి శరత్ చంద్రకు ఫోను చేసి, రెండు మాటలు మాట్లాడి ఫోను ఆమె చేతికిచ్చాడు. శరత్ చంద్ర గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. పెట్టె ఆయనది, ఆయన ఏది పెట్టమంటే అది పెట్టి రమ్మన్నాడు. సుమయ్యా ఫోను తిరిగి ఇచ్చేసింది.

“పాతది నేను పెట్టను మామా. ఆమె నీళ్లు ఆపాలంటే మీకు పెట్టెతో పని ల్యా. అయిదో గేటుకు చేతిపిడి ఉండాది. పోయి చేత్తో కట్టేసి రాండి.”

సుబ్బరాయుడి ముఖం ఎర్రబడింది. ఆడపిల్ల, అందులోనూ జీతానికి వచ్చిన పిల్ల, తన కొట్టంలో నిలబడి తనకు దారి చూపించడమా! తువ్వాలు భుజం మీద విసురుగా వేసుకుని, మొదటి గేటు, రెండో గేటు దాటుకుంటూ గట్టు మీద పెద్ద పెద్ద అంగలు వేసి నడిచాడు. సుమయ్యా వెనకాలే పోయింది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. అంతకంటే, ఆయన నిజంగానే ఆ గేటు కట్టేస్తే తాను అక్కడ నిలబడి ఏం చేయగలదని భయపడింది.

పెంచలమ్మ ఇంకా చెట్టు మొదట్లోనే ఉంది. నీళ్లు మళ్లీ చుక్కలు కడుతున్నాయి. బావ వచ్చి గేటు దగ్గర వంగి పిడి మీద చెయ్యి వేయడం చూసి, మట్టి చేతులతోనే లేచి వచ్చింది.

“ఏం బావా, గేటు కారతాందా?”

ఆయన చెయ్యి పిడి మీదే ఉంది. పెంచలమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, సుమయ్యా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

“నిన్ను అనుమానించినా బావా. నువ్వే పెట్టెకు ఏమో చేపించినావని మీ తమ్మునితో ఫోన్లో గూడా అంటి. మా అన్నను అంత మాటంటావా అని ఆ మనిషి రెండు దినాలు నాతో మాట్లాడల్యా. పెట్టెదే తప్పని ఈ పాప చెప్పింది. మనసులో పెట్టుకోవద్దు.”

సుమయ్యా నోటి దాకా వచ్చింది నిజం. చెప్పేయాలని పెదవి కదిలింది కూడా. కానీ సుబ్బరాయుడి చెయ్యి చూసి ఆగిపోయింది. ఆ చెయ్యి పిడిని తిప్పడమూ లేదు, వదలడమూ లేదు. చాలాసేపటికి ఆయన పిడి వదిలేసి, లేవకుండానే, నేల వైపు చూస్తూ అన్నాడు.

“నీ అనుమానం తప్పేం కాదులే.”

పెంచలమ్మకు ఆ మాట వెంటనే అందలేదు. అందాక, తుడుచుకుంటున్న కొంగు అలాగే చేతిలో ఉండిపోయింది. బావ ముఖం వైపు చూసి, ఎండిన చెట్ల వైపు చూసి, పోయి గట్టు మీద కూర్చుంది. సుబ్బరాయుడు ఫోను తీసి జేసీబీ వాడికి చేశాడు. గురువారం రావద్దప్పా, చెట్లు తీయడం ల్యా అని రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. ఆ వెంటనే శరత్ చంద్ర ఫోను మోగితే, ఏం కావాలో పాపకు తెలుసు, ఇంగ నాకు చేయొద్దని చెప్పాడు.

అప్పుడు నిజంగానే కరెంటు పోయింది. మోటరు ఆగింది, పక్క తోట తొట్టిలో నీళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. చుక్కలు ఒకటొకటిగా సన్నబడి నిలిచిపోయాయి. పెంచలమ్మ అలవాటు చొప్పున టవలు దులుపుకుని లేచింది. పాయె, ఇంగ ఈ పొద్దుకు ఇంతేలే అని ఇంటిదారి పట్టబోయింది.

సుబ్బరాయుడు గట్టు పక్కన అటూ ఇటూ చూశాడు. పిడికెడంత రాయి ఒకటి ఏరుకున్నాడు. దానికి అంటిన మట్టి దులిపి, తెచ్చి అయిదో గేటు పక్కన పెట్టాడు, వాళ్ల నాయన పెట్టినట్టే. పెట్టెకు ఆ రాయితో పని లేదు. ఆ సంగతి ఆయనకు సుమయ్యా పొద్దునే చెప్పింది.

“కూచ్చో పెంచలమ్మా,” అన్నాడు. “మళ్లా వచ్చేది ఈడికే.”

పెంచలమ్మ ఆ రాయి వైపు కాసేపు చూసి, టవలు మళ్లీ పరిచి కూర్చుంది. సుబ్బరాయుడు ఆమెకు కొంచెం దూరంగా, కొట్టం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. సుమయ్యా కూడా వాళ్ల మధ్య గట్టు మీద చతికిలబడి, కాళ్లు ఆడిస్తూ, కరెంటు కోసం ఎదురుచూసింది.